వాడపల్లి పెరళ్లలో పిట్టగూళ్లు

నల్లగొండ జిల్లాకు దక్షిణపు టంచున, దామరచర్ల మండలములో, మూసీనది కృష్ణానదిని కలియుచోట వాడపల్లి యను గ్రామము కలదు. మిర్యాలగూడనుండి పాతిక కిలోమీటర్లకు కొంచెము అటునిటుగా నుండును. నార్కెటుపల్లినుండి అద్దంకికి పోవు పెద్దబాట ఈ యూరిమీదుగానే వంతెన దాటి పల్నాటిసీమలో ప్రవేశించును. రైలుమీద వచ్చువారు విష్ణుపురము స్టేషనులో దిగవలెను. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరపు మురికినంతయు మోసికొని వచ్చిన మూసీ యిచ్చట కృష్ణమ్మ యొడిలో చేరి తన బరువు దించుకొనును. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములు జరిగినప్పుడు ఈ సంగమమున స్నానము చేసినవారు మన సోదరీమణులలో అనేకులుందురు. వారు చూచినది వానకాలపు వాడపల్లి. మేము చూచినది వైశాఖమాసపు వాడపల్లి.

ఆ రెంటికిని గల భేదము ఇంతంత కాదు. ఈ ప్రాంతమంతయు సున్నపురాతి నేల. అందుచేతనే చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఇండ్ల ముందరి అరుగులు, పెరటి గోడలు, బావిగట్లు అన్నియు రాయియే. ఉదయము పదిగంటలు దాటినదో లేదో ఆ రాయి కాగుటకు మొదలిడును. రాత్రి పదిగంటలైనను చల్లారదు. 2015 మే నెలలో వడగాలులు వీచి రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి రెండువేలమందికి పైగా జనులు ప్రాణములు కోల్పోయిన సంగతి యెవరును మరచియుండరు. ఆ యేడు మనుష్యులను లెక్కించినారు. పెరళ్లలో, చూరులక్రింద, గోడల బొరియలలో గ్రుడ్లతోను పిల్లలతోను ఉన్న పిట్టల గతియేమైనదో లెక్కించిన వారెవ్వరు?

ఈ యూరికి పోయి పిట్టలను తలచుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. ఇచ్చట రెండు ప్రాచీన దేవళములున్నవి. ఒకటి మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామిది, రెండవది లక్ష్మీనరసింహస్వామిది. రెంటిని అగస్త్యమహర్షియే ప్రతిష్ఠించెనని స్థలపురాణము. రెడ్డిరాజులు గుడులు కట్టించిరని ఊరివారు చెప్పుదురు. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపములు వెలుగుచుండును. స్వామి ముఖమునకు సరిగా నున్న దీపము ఆయన యూపిరికి కదలుచుండుననియు, పాదములకడనున్న దీపము నిశ్చలముగా నుండుననియు అర్చకులు చూపుదురు. అది చూడవలసినదే. కాని మేమిక్కడ చెప్పదలచినది అగస్త్యేశ్వరుని కథ.

ఒక బోయవాడు పక్షినొకదానిని తరుముకొని వచ్చెనట. ఆ పక్షి ప్రాణభీతితో ఎగిరివచ్చి శివలింగము వెనుక దాగెను. బోయవాడు గుడిలో ప్రవేశించి, “స్వామీ, అది నా ఆహారము, ఇమ్ము” అని యడిగెను. శివుడు, “నన్ను శరణుజొచ్చినదానిని ఇయ్యజాలను” అనెను. “మరి నా యాకలి మాట యేమి?” అని బోయవాడు. అప్పుడు శివుడు, “నా శిరస్సునుండి మాంసము తీసికొమ్ము” అని తల వంచెను. బోయవాడు రెండు చేతులతోను పెకలించి తీసికొనెను. అతని వ్రేళ్లు దిగిన గుంటలు లింగముపైన నేటికిని ఉన్నవి. ఆ గాయమును కడుగుటకు గంగయే వచ్చి నిలిచినదనియు, అందుచేతనే లింగముమీది బిలములోని నీరు ఎన్నడును తరుగదనియు చెప్పుదురు. ఆ బిలము లోతు తెలిసికొన జూచిన శంకరాచార్యులవారికే అది అంతుపట్టలేదని కూడ ఒక మాట కలదు.

శిబిచక్రవర్తి కథ మన యిండ్లలో పసిబిడ్డలకును తెలియును. వాడపల్లి కథ దానికి చెల్లెలివంటిది. ఇందు మాకు మిక్కిలి నచ్చినది పక్షి బ్రతుకుట మాత్రమే కాదు. బోయవానిని శివుడు పాపాత్ముడని తరిమివేయకుండుట. ఆకలిగొన్నవాని యాకలియు నిజమే, శరణుజొచ్చినదాని భయమును నిజమే అని ఆ దేవుడు ఒప్పుకొనినాడు. పెరటిలో పిట్టగూటిని కాపాడ బూనినవారు మొదట నేర్చుకొనవలసిన సంగతి యిదియే యని మాకు తోచినది. గూటిమీదికి పోవు పిల్లికిని, ప్రాకివచ్చు జెర్రిపోతునకును కడుపున్నది. జెర్రిపోతు మన గాదెలలోని యెలుకలను తిని మనకుపకారము చేయునది. దానిని కొట్టి చంపుట కాపుదల కాదు. దానికి గూటిదారి మూయుటయే కాపుదల.

మేము బసచేసిన యింటి పెరటిలో ఒక వేపచెట్టు, ఒక జామచెట్టు, రాతిగోడ, గొడ్లకు వేసిన ఇనుపరేకుల కొట్టము ఉన్నవి. ఇంటి పెద్దావిడ డెబ్బదియేండ్లు దాటినది. సంక్రాంతి నాటికి క్రొత్తవరి కంకులను కుచ్చులుగా అల్లి చూరునకు వ్రేలగట్టుట ఆమె తప్పని యలవాటు. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు వదలిన తరువాత ఈ వైపున వరి విస్తారమైనది. మిర్యాలగూడ నిండ బియ్యపు మిల్లులే. ఎక్కడ ధాన్యమున్న నక్కడ పిచ్చుక యుండును గదా. ఆ కొట్టములో దూలమునకును రేకునకును నడుమనున్న సందులో పిచ్చుకలు గూడు పెట్టినవి. మేము వెళ్లునప్పటికి లోపల పిల్లలు నాలుగు. ఇంకను రెక్కలు రాలేదు.

పెద్దావిడ ఆ గూటిని చూపి యిట్లనెను: “పోయినేడు ఈ రేకుల కిందనే నాలుగు పిల్లలు మాడి సచ్చినయి బిడ్డా. తల్లిపిట్ట పొద్దుమూకెదాంక అరుసుకుంట తిరిగింది. ఈయేడు మల్ల ఆడనే పెట్టింది. దానికి తెల్వదు. మనకు తెలుసుగద!”

ఆమె కోడలు, “తీసి నీడల పెడదామంటే తల్లి రాదేమోనని భయమైతుంది అత్తమ్మా” అనెను. ఆ భయము న్యాయమైనదే. గ్రుడ్లుగాని పిల్లలుగాని యున్న గూటిని పెకలించి వేరొకచోట పెట్టినయెడల తల్లిదండ్రులు దానిని వెదకికొని వచ్చుననెడి నమ్మకము లేదు. అవి స్థలమును గుర్తించి వచ్చునవి. కావున గూటిని కదల్చరాదు, ఎండనే కదల్చవలెను.

వేడి యేల చంపునో కొంచెము తెలిసికొందము. పక్షులకు చెమట పట్టదు. ఒడలు కాగినప్పుడు నోరు తెరచి వగర్చుచు, ఆ యూపిరితో తమ యొడలి నీటిని ఖర్చుచేసి చల్లబరచుకొనును. పుట్టినప్పుడు పిచ్చుకపిల్లకు ఈకలే లేవు; మొదటివారమున దాని యొడలి వేడిని అది స్వయముగా అదుపులో నుంచుకొనజాలదు. తల్లి కప్పినప్పుడు వెచ్చన, తల్లి లేచినప్పుడు గూటి వేడియే దాని వేడి. గూటిలో వేడి 41 డిగ్రీలు దాటినచో పిల్లలకు ప్రాణగండమని గూళ్లపెట్టెలు పెట్టి పెంచుటలో అనుభవముగలవారు చెప్పుదురు. వేసవిలో ఈ జిల్లాలో నీడలోని గాలియే ఆ మేరకు పోవు దినములు అనేకము. ఎండలోని ఇనుపరేకు క్రింద ఏమగునో వేరుగ చెప్పనేల? పిల్లలు నోళ్లు తెరచి, మెడలు సాచి, గూటి ద్వారమువద్దకు ప్రాకి తలలు బయట వ్రేలవేసినచో అది యాకలి కాదు, వేడి. అనేకులు దానిని ఆకలి యనుకొని గింజలు చల్లుదురు.

మేము చూచుచుండగనే ఆ యింటివారు మూడు పనులు చేసిరి. మొదట తెల్లవారకముందే రేకుపైన రెండు వెదురుగడలు పరచి, వానిమీద తాటాకులు దట్టముగా కప్పిరి. రేకునకును తాటాకునకును నడుమ జానెడు సందు విడిచిరి. ఈ సందే ముఖ్యము. ఆకు నేరుగా రేకునంటి యున్నచో దాని వేడి దీనికెక్కును, నడుమ గాలి ఆడినయెడల ఎక్కదు. రెండవది, కప్పు చాలని భాగమున చిక్కని సున్నము పూసిరి. తెలుపు ఎండను తిరుగగొట్టును. తెలంగాణా ప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విధానమని యొకటి ప్రకటించినది. అందలి సూత్రమును ఇదియే. మన యమ్మమ్మలు పండుగకు సున్నము వేయుచు ఆ విధానమును ఎప్పటినుండియో నడుపుచున్నారు. మూడవది, కొట్టమునకు పడమటివైపున గోనెపట్టా కట్టి మధ్యాహ్నపు టెండను అడ్డగించిరి. తల్లిపిట్ట రాకపోకల దారిని మాత్రము విడిచిరి. ఇంత పనియు ఒక గంటలో ముగిసినది. తల్లిపిట్ట వేపకొమ్మమీద కూర్చుండి యరచినది గాని, మనుష్యులు దిగిన పది నిమిషములలో లోపలికి పోయినది.

ఆ మధ్యాహ్నము రెండుగంటలకు కోడలు నిచ్చెన యెక్కి, గూటిప్రక్కనున్న రేకు లోపలివైపున అరచేయి ఆనించి చూచినది. నిన్నటిదినము చేయి నిలువలేదు. ఆ దినము నిలిచినది. సోదరీమణులారా, ఉష్ణమాపకము లేనివారికి ఇంతకన్న మంచి పరీక్ష లేదు. మీ చేయి నిలువలేనిచోట పసిపిట్ట నిలువదు.

క్రొత్తగా గూటికి చోటు కల్పింప దలచినవారు కుండనే వాడవలెనని మా మతము. దుకాణములలో అమ్ముచున్న రేకుపెట్టెలును, ప్లాస్టికు డబ్బాలును చూచుటకు సొంపుగా నున్నను వేసవిలో అవి పొయ్యిలే. కుమ్మరివాని పచ్చికుండకు కాల్చక ముందే ప్రక్కన రంధ్రము చేయించుకొనవలెను. పిచ్చుకకు రంధ్రము పాత వెండిరూపాయికన్న వెండ్రుకవాసి పెద్దదిగా, అనగా 32 మిల్లిమీటర్లు, ఉన్న చాలును. అంతకన్న పెద్దదైనచో గోరువంక చొరబడును. మూతిని మూకుడుతో మూసి కట్టి, మూకుడు అంచుక్రింద పెన్సిలు దూరునంత రంధ్రములు నాలుగు విడిచినచో వేడిగాలి పైకి పోవును. అడుగున రెండు సన్నని బెజ్జములు, వాననీరు పోవుటకు. ద్వారము తూర్పునకో ఈశాన్యమునకో ఉండవలెను. పడమటికి ఎన్నడును పెట్టరాదు. ద్వారముక్రింద పిట్ట నిలుచుటకని పుల్ల గ్రుచ్చుట అందమేగాని అనర్థము. పిచ్చుకకు ఆ పుల్ల అక్కరలేదు. కాకికే అది ఆసనము.

పంకాలు తిరుగు సావడిలో మాత్రము గూటిని రానీయకుడు. పిల్లికన్న పంకా ఎక్కువ పిచ్చుకలను చంపిన యిండ్లు మాకు తెలియును.

ఇక అసలు చిక్కు ఇక్కడ నున్నది. నీడకొరకు కుండను చెట్టుకొమ్మకు కట్టినచో పిల్లికిని, పామునకును, ఉడుతకును అది రాచబాట. వానికి భయపడి పెరటి నడుమ ఒంటిస్తంభముమీద పెట్టినచో ఎండపాలు. చల్లని దేశములలో స్తంభమే శ్రేష్ఠమని వ్రాయుదురు. వారి పుస్తకములు చదివి వాడపల్లిలో స్తంభము నాటినవారు చైత్రమున సంతోషింతురేమో గాని వైశాఖమున ఏడ్చెదరు. మా పరిశీలనలో తేలినది యేమనగా, ఇంటి ఉత్తరపు గోడకో తూర్పుగోడకో, చూరు నీడ దినమంతయు పడుచోట, సన్నని ఇనుపతీగతో రెండు నిలువుల యెత్తున వ్రేలగట్టుటయే మన దేశమునకు తగినది. గోడనుండి మూరెడు ఎడముండవలెను. ప్రక్కన కిటికీ గట్టుగాని, పిట్టగోడగాని, తీగపందిరిగాని, పిల్లి నిలిచి దూకుటకు వీలైన ఏ మెట్టును ఉండరాదు. పిల్లి యొక్క దూకుడులో నిలువెత్తు ఎగురునన్నది జ్ఞాపకముంచుకొనవలెను.

చెట్టుమీదనే గూడున్నచో, దానిని పిట్ట తానై పెట్టుకొన్నచో, చెట్టును కాపాడవలెను. మొదలుకు నిలువెత్తున తుమ్మకంపను వెడల్పుగా కట్టుట మన పల్లెలలోని పాత పద్ధతి. అది పిల్లిని ఆపును, పామును ఆపదు. పామునకును ఆపవలెనన్న నున్నని రేకును చెట్టు మొదలు చుట్టును రెండుమూడడుగుల వెడల్పున చుట్టవలెను. నునుపుమీద దానికి పట్టు దొరకదు. ప్రక్కచెట్టు కొమ్మలు దీనినంటకుండ నరకవలెను, లేనిచో రేకు చుట్టియు ఫలము లేదు. స్తంభమునకైనను ఇదే ఉపాయము; నిలువు గొట్టమో, గొడుగువలె బోర్లించిన రేకో తగిలింతురు. కొందరు స్తంభమునకు గ్రీజు పూయుదురు. అది చేయకుడు. ఎండకు కరగి కారును. పిట్టరెక్కలకంటినచో అది మరల ఎగురలేదు. చీమలకు మాత్రము మనము పాలగిన్నెకు చేయు ఉపాయమే చాలును: వ్రేలగట్టిన తీగ నడుమ ఒక చిన్న నీటిగిన్నె. ఎండకు ఇంకిపోవును గనుక దినమునకొకసారి నింపవలెను.

కాకియు, జెముడుకాకియు పగటి దొంగలు. వీనికి చిన్న ద్వారమును, లోతైన కుండయునే సమాధానము. ద్వారమునుండి అడుగునకు జానెడు లోతున్నచో ముక్కు అందదు. మీ పిల్లి విషయములో మాత్రము మీదే బాధ్యత. పిల్లలు గూడు విడుచు రెండుమూడు దినములు ఉదయమునను సాయంకాలమునను దానిని ఇంటిలో పెట్టి తలుపు వేసికొనుట కంటె వేరు మార్గము లేదు.

పిచ్చుక యొక్కటియే కాదు. వాడపల్లి రాతిగోడల సందులలో నల్లంచి గూడు పెట్టును. నల్లని యొడలు, ఎత్తిపట్టిన తోక, తోకక్రింద ఇటుకరంగు మచ్చ. గడపలోనికి వచ్చి మనవంక చూచి పోవునది అదియే. పెద్దనల్లంచి తెలుపు నలుపుల పిట్ట. వేకువజామున దాని పాట వినని పెరడు పెరడే కాదు. ఇది చెట్టుతొఱ్ఱలోనో గోడబొరియలోనో గ్రుడ్లు పెట్టును. ఇల్లు బాగుచేయుదమని చైత్రవైశాఖములలో గోడల బొరియలన్నియు సిమెంటుతో పూడ్చువారు, ఒక్కసారి చెవి యానించి లోపల కిచకిచలున్నవేమో విని, తరువాత తాపీ పట్టుకొనవలెను. అగస్త్యేశ్వరుని గుడికిని ఈ మాట చెల్లును.

హైదరాబాదు సంస్థానపు పక్షులను మొదటిసారిగా క్రమముగా పరిశీలించినవారు సలీమ్ ఆలీగారు. అది 1931, 1932 సంవత్సరముల మాట. అప్పుడు వాడపల్లి నైజాము ఏలుబడిలోనిది, ఏటికావలి యొడ్డు మద్రాసు రాజధానిలోనిది. ఆయన యాత్రలలో భార్య తెహ్మీనాబేగము అనేక పర్యాయములు వెంట నడచినదని చదివినప్పుడు మాకు గర్వము కలిగినది. పిచ్చుకలు దేశమంతట నశించిపోయినవని మనము తరచుగా వినుచుందుము. 2020లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితినివేదిక ఆ మాటను కొంత సవరించినది. దేశము మొత్తముమీద పిచ్చుకలు ఇంచుమించు నిలకడగానే యున్నవనియు, హైదరాబాదు మొదలైన మహానగరములలో మాత్రము తగ్గుచున్నవనియు తేల్చినది. కావున పల్లెలలోని పెరళ్లే వానికి పుట్టినిండ్లు.

ఒక వింత చెప్పుదుము. అమెరికాలో కాపురమున్న మన తెలుగు ఆడపడుచుల పెరళ్లకు నీలిపిట్ట యొకటి వచ్చును. పిచ్చుకకన్న కొంచెము పెద్దది. వీపు నీలము, రొమ్ము కావిరంగు. ఇదియు తొఱ్ఱలలో గూడు పెట్టునదే. ఆ దేశస్థులు 1850వ సంవత్సరము దాటిన వెంటనే ఇంగ్లాండునుండి పిచ్చుకలను తెచ్చి బ్రూక్లిన్‌లో విడిచిరి. అవి వృద్ధిపొంది దేశమంతట వ్యాపించి నీలిపిట్టల తొఱ్ఱలను ఆక్రమించుటయే కాక, లోపలనున్న తల్లిని పొడిచి చంపుట కూడ కలదు. 1934లో మస్సెల్‌మన్ అనునాయన ఇల్లినాయి రాష్ట్రమున బాటల వెంబడి నీలిపిట్టలకు కొయ్యపెట్టెలు వరుసగా పెట్టుట మొదలుపెట్టెను. 1978లో జెలెనీ అను వృద్ధశాస్త్రజ్ఞుడు వీనికొరకొక సంఘమును స్థాపించెను. పెట్టెకు లేతరంగు పూయుట, పైన రెండవకప్పు వేసి నడుమ గాలి విడుచుట, స్తంభమునకు రేకుగొడుగు తొడుగుట మొదలగునవన్నియు వారు ఏండ్లతరబడి పరీక్షించి స్థిరపరచినవే. మనము కంకులు కట్టి పిలుచు పిచ్చుకయే అక్కడ తరుమబడు దొంగ! పరాయిదేశమునకు తెచ్చినవాని తప్పేగాని పిచ్చుక తప్పేమున్నది?

పిట్టలకు ఆహారపానీయముల మాట. నూకలు, సజ్జలు పెద్దపిట్టలకు మంచివే. పిల్లలకు మాత్రము తల్లి పెట్టునది పురుగులు. నూకలకు లోటులేక, పురుగు లేని పెరటిలో పిల్లలు ఎదుగవు. కావున గూడున్నన్ని దినములు పెరటిలోని కూరపాదులమీద పురుగుమందు చల్లరాదు; వంకాయలలో నాలుగు పుచ్చిపోయిన పోనిండు. నీటిని వెడల్పైన మూకుడులో రెండంగుళముల లోతున పోసి, నడుమ ఒక రాయి పెట్టి, గుబురు పొదలకు దూరముగా నీడలో నుంచవలెను. పొదప్రక్కన పెట్టిన మూకుడు పిల్లికి మాటు. ప్రతిదినము పారబోసి కడిగి నింపనిచో దోమలు పుట్టును.

గూటినుండి పిల్ల పడినచో ఏమి చేయుదురు? మనిషి చేయి తాకిన పిల్లను తల్లి చేర్చుకొనదని మన యిండ్లలో గట్టి నమ్మకము. అది సరికాదు. వాసననుబట్టి తల్లి తన పిల్లను వదలదు. ఈకలు రాని పిల్ల పడినచో మెల్లగా తీసి ఆ గూటిలోనే పెట్టవలెను. ఈకలు వచ్చి గంతులు వేయుచున్న పిల్ల యైనచో అది పడినది కాదు, ఎగురుట నేర్చుకొనుచున్నది. దానిని పిల్లికి అందని కొమ్మమీద పెట్టి దూరముగ తొలగవలెను, తల్లిదండ్రులు వచ్చి మేత పెట్టును. దాహమని నోటిలో నీరు పోయరాదు. ఊపిరి గొట్టములోనికి పోయి చచ్చును. పిచ్చుకపిల్లలు పుట్టిన రెండువారములకు ఇంచుమించుగా గూడు విడుచును. చివరి రెండుమూడు దినములు గూటిలోనికి తొంగిచూడకుడు. బెదరి వేళగాకుండగనే దూకును.

మేము తిరిగి వచ్చిన కొన్ని దినములకు ఆ యింటి కోడలు ఫోనులో కబురు చెప్పినది. మూడు పిల్లలు ఎగిరిపోయినవట. నాలుగవది తొలిసారి ఎగురుచు కొట్టము ముందర దిగగా కాకి యెత్తుకొనిపోయినదట. “మాడి సావలేదు, అదొక్కటే సంతోసం” అని అత్తగారు ప్రక్కనుండి కేక వేసిరి.

పాలపిట్టను గూర్చి చెప్పక ఈ వ్యాసము విడువజాలము. పేరునకు పాలపిట్టయే గాని రెక్క విప్పినచో అదియే మన నీలిపిట్ట. విజయదశమినాడు దాని దర్శనమునకై ఊరి బయటికి పోవని కుటుంబము ఈ సీమలో లేదు. తెలంగాణా రాష్ట్రమునకు 2014 నుండి అది రాష్ట్రపక్షి. కొందరు దానిని పట్టి, పంజరమున పెట్టి, పండుగనాడు ఇంటింటికి చూపి డబ్బులు గుంజుదురు. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. డబ్బులిచ్చి దర్శనము చేసికొన్న పుణ్యమెంతయో చదువరులే యోచింపవలెను. 2023 నాటి పక్షుల నివేదికలో బాగుగా తగ్గిపోయిన పిట్టల వరుసలో పాలపిట్ట పేరున్నది. ఇది పెరటికుండలో చేరదు. మోడుబారిన తాడిచెట్టు తలలోని తొఱ్ఱ దీనికిల్లు. ఫాల్గుణమునుండి జ్యేష్ఠమువరకు గ్రుడ్లు, పిల్లలు. ఆ మోడులో అడుగున చల్లదనము, పైకి పిల్లి యెక్కజాలని నునుపు. మనము ఇంత శ్రమపడి కల్పించునవన్నియు అందు సహజముగనే యున్నవి. అట్టి మోడులను వంటచెరకునకును, ఇటుకబట్టీలకును నరికివేయుచున్నారు.

మేము బసచేసిన యింటివెనుక చేనుగట్టున ఒక తాటిమోడు కలదు. అందు పాలపిట్ట పోవుచు వచ్చుచుండుట రెండుదినములు చూచితిమి. చేను ప్రక్కవారిది. బట్టీవాడు మోడును కొని, రేపుమాపు నరుక వచ్చునని తెలిసినది. పెద్దావిడ చేతికర్ర పట్టుకొని గట్టువెంబడి పోయి, ఆ రైతుతో, “అన్నా, దసరనాడు దీని మొకం సూడనీకి ఊరవతలికి పోతవు. ఈడ నీ గట్టుమీద పిల్లలుంటే గొడ్డలి పెట్టిస్తవా?” అని యడిగెను. ఆయన తలగోకికొని కొంతసేపు మోడువంక చూచెను. మృగశిరకార్తె ప్రవేశించువరకు గొడ్డలి పడదని తుదకు ఒప్పుకొనెను. బట్టీవానివద్ద బయానా మాత్రము ముందే పుచ్చుకొని యున్నాడట.